పొడి మందు: యంత్రం పీల్చినప్పుడు, మనిషి పీల్చినప్పుడు

ఉబ్బసానికీ, సీఓపీడీకీ (శ్వాసనాళాలు ఇరుకై గాలి ఆడకుండా చేసే దీర్ఘకాలిక జబ్బు) వాడే పొడి ఇన్‌హేలర్ల గురించి చెన్నై పాఠకులు రాసిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. అడిగిన తీరు వేరైనా అందరి సందేహం ఒక్కటే: ప్రయోగశాలలో కొలిచిన మందుకూ, మనిషి ఊపిరితిత్తుల్లోకి నిజంగా దిగే మందుకూ పొంతన ఎంత?

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్లు. పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. సీఓపీడీ ఉంది. ఈ మధ్య డాక్టరుగారు ఆయన పొడి ఇన్‌హేలరును మార్చి వేరే రకం రాశారు. ఫార్మసీ చదువుతున్న మా అమ్మాయి రెండింటి ల్యాబ్ పరీక్షల వివరాలు చూసి, సన్నని రేణువుల శాతం పాతదానిలోనే ఎక్కువగా ఉందని, కొత్తది నాసిరకమని పట్టుబడుతోంది. ఆ లెక్క మనుషులకు నేరుగా వర్తించదని డాక్టరుగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, పెరంబూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చూసిన లెక్కా సరైనదే, డాక్టరుగారి మాటా సరైనదే. అమ్మాయి చూసినది పొడి గురించీ, దాన్ని వదిలే పరికరం గురించీ చెప్పే లెక్క. అందులో మీ మామగారి గొంతు గానీ, ఆయన ఊపిరి బలం గానీ ఎక్కడా లేవు. తేడా ఎక్కడ పుడుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

ఊపిరితిత్తుల్లోకి చేరవలసిన మందు రేణువులు సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంత మెత్తగా నూరిన పొడి ఉండలు కట్టుకుపోతుంది, గుళికలోంచి సరిగా జారదు. అందుచేత చాలా రకాల్లో దాన్ని అంతకు ఎన్నో రెట్లు పెద్దవైన లాక్టోజ్ (పాల చక్కెర) రేణువులతో కలుపుతారు. మందు రేణువులు లాక్టోజ్ ఒంటికి అంటిపెట్టుకుని ఉంటాయి. రోగి గట్టిగా పీల్చినప్పుడు గాలి విసురుకు అవి ఊడి లోపలికి సాగాలి, బరువైన లాక్టోజ్ నోట్లోనూ గొంతులోనూ ఆగిపోవాలి. గ్యాసు నింపిన ఇన్‌హేలరులో మందును తోసే శక్తి డబ్బాలోనే ఉంటుంది. మనకు మామూలుగా దొరికే పొడి ఇన్‌హేలర్లలో ఆ శక్తిని రోగి తన ఊపిరితో సమకూర్చాలి. ల్యాబ్‌కూ మనిషికీ మధ్య వచ్చే తేడాలన్నింటికీ మొదలు ఇదే.

ల్యాబ్‌లో ఈ పనిని వాక్యూమ్ పంపు చేస్తుంది. రేణువులను పరిమాణం ప్రకారం వేరుచేసే పరికరం పేరు కాస్కేడ్ ఇంపాక్టర్. నేడు ఎక్కువగా వాడే నెక్స్ట్ జనరేషన్ ఇంపాక్టర్‌లో ఏడు దశలుంటాయి. ఒక్కో దశలో సన్నని రంధ్రాలు, వాటి కింద ఒక లోహపు గిన్నె ఉంటాయి. దశ మారేకొద్దీ రంధ్రాలు సన్నబడతాయి, గాలి జోరు పెరుగుతుంది. గాలి మలుపు తిరిగినప్పుడు దానితోపాటు తిరగలేని బరువు రేణువులు ఎదురుగా ఉన్న గిన్నెకు కొట్టుకుని నిలిచిపోతాయి, తేలికవి తర్వాతి దశకు పోతాయి. చేటతో చెరిగినప్పుడు గింజ నిలిచి పొట్టు ఎగిరినట్టే ఇక్కడా బరువే రేణువు దారిని నిర్ణయిస్తుంది. పడిన రేణువు ఎగిరి పక్క దశలోకి పోకుండా గిన్నెలకు ముందే పలుచని జిగురు పూత పూస్తారు. పరీక్ష అయ్యాక ఒక్కో గిన్నెను ద్రావకంతో కడిగి అందులో మందు ఎంత ఉందో కొలుస్తారు. ఇన్‌హేలరులోంచి వెలువడిన మందులో 5 మైక్రాన్ల లోపు ఉన్న భాగమే మీ అమ్మాయి చూసిన సన్నని రేణువుల శాతం.

ఇన్‌హేలరుకు అటూ ఇటూ 4 కిలోపాస్కల్ పీడన భేదం వచ్చేలా పంపు జోరును సరిచేసి, 4 లీటర్ల గాలి లాగాలని ఫార్మకోపియాల (మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథాల) నియమం. నిమిషానికి 60 లీటర్ల జోరైతే ఇది సరిగ్గా 4 సెకన్ల పని. కవాటం తెరుచుకున్న మరుక్షణం గాలి పూర్తి జోరు అందుకుంటుంది, చివరిదాకా తగ్గదు. మనిషెవరూ అలా పీల్చరు. మన ఊపిరి క్రమంగా పుంజుకుని, ఒక శిఖరానికి చేరి, మళ్లీ తగ్గుతుంది. సీఓపీడీ ముదిరినవారి ఛాతీలో పాత గాలి చిక్కుకుపోయి ఉంటుంది కనుక 4 లీటర్లు పీల్చడం వారికి సాధ్యమయ్యే పని కాదు. పైగా గుళికలోని పొడి చాలావరకు ఊపిరి తొలి భాగంలోనే బయటపడుతుంది. ఆ మొదటి క్షణాల్లో విసురు లేకపోతే, తర్వాత ఎంత గట్టిగా లాగినా అప్పటికే విడిపోకుండా వెళ్లిన పొడి గొంతులో పడి ఉంటుంది.

దీని ప్రభావం ఎంతో 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో స్పష్టంగా కనిపించింది. టర్బుహేలర్ అనే పొడి ఇన్‌హేలరుతో బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ మందును ఆరోగ్యవంతుల చేత రెండు రకాలుగా పీల్పించి చూశారు. నిమిషానికి 60 లీటర్లకు దగ్గరగా పీల్చినప్పుడు సుమారు 28 శాతం మందు ఊపిరితిత్తులకు చేరింది. సుమారు 36 లీటర్ల జోరుతో పీల్చినప్పుడు 15 శాతమే చేరింది. అదే పరికరం, అదే మందు, పీల్చిన తీరు ఒక్కటే మారింది.

రెండో కారణం గొంతు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. ఇంపాక్టర్‌కు ముందు అమర్చే గొంతు లంబకోణంలో వంగిన నున్నటి లోహపు గొట్టం. మనిషి గొంతులో నాలుక లేస్తుంది, అంగుడు దిగుతుంది, స్వరపేటిక దగ్గర దారి ఇరుకవుతుంది, ఒకరి గొంతు ఇంకొకరి గొంతులా ఉండదు. గొట్టం దాటిపోయే రేణువుల్లో చాలా వాటిని మనిషి గొంతు ఆపేస్తుంది. గొంతులో మందు ఎంత ఎక్కువగా ఆగితే, ఊపిరితిత్తులకు చేరే మోతాదు మనిషి మనిషికీ అంత ఎక్కువగా మారుతుందని పరిశోధకుడు బోర్గ్‌స్ట్రోమ్, ఆయన సహచరులు 2006లో చూపారు. మనుషులపై చేసిన అనేక కొలతలను ల్యాబ్ ఫలితాల పక్కన పెట్టి న్యూమన్, చాన్ 2008లో రాసిన సమీక్షలో తేలిందేమంటే, 5 మైక్రాన్ల లోపు శాతం ఊపిరితిత్తులకు చేరే మందును ఎక్కువ చేసి చూపుతుంది. 3 మైక్రాన్ల లోపు శాతాన్ని తీసుకుంటే లెక్క నిజానికి దగ్గరగా వస్తుంది. ఈ సంగతి మీ అమ్మాయికి తప్పక చెప్పండి. ఒక ఇన్‌హేలరులో 5 మైక్రాన్ల లోపు మందు ఎక్కువగా ఉండి, అందులో సింహభాగం 3 నుంచి 5 మైక్రాన్ల మధ్యే ఉంటే, కాగితం మీద కనిపించే ఆధిక్యం గొంతు దగ్గరే కరిగిపోవచ్చు.

మరో చిక్కు ఉంది. జోరుగా పీల్చిన కొద్దీ మందు లాక్టోజ్‌ను వదిలి బాగా విడిపోతుంది, కానీ అదే జోరు రేణువులను గొంతు గోడకు కొడుతుంది. ఈ రెండూ ఎదురెదురు. గాలికి అడ్డు తక్కువగా ఉన్న ఇన్‌హేలరుకు 4 కిలోపాస్కల్ రావాలంటే నిమిషానికి 100 లీటర్ల దాకా గాలి నడవాలి. అడ్డు ఎక్కువగా ఉన్నదానికి అందులో సగం లోపే చాలు, పీల్చడం మాత్రం బరువుగా అనిపిస్తుంది. మీ మామగారికి ఏది కుదురుతుందో ఆయన చేత పీల్పించి చూస్తేనే తెలుస్తుంది. పీల్చే జోరును కొలిచే ఇన్-చెక్ డయల్ అనే చిన్న సాధనం ఉంది. దానిలో ఆయా ఇన్‌హేలర్ల అడ్డును అమర్చి కొలవవచ్చు. డాక్టరుగారి దగ్గర ఉందేమో అడగండి. ఆయన ఇన్‌హేలరు మార్చడానికి బహుశా ఇలాంటి కారణమే ఉండి ఉంటుంది. మామగారు తమిళం చదవలేకపోతే, పెట్టెలోని కాగితాన్ని మీ అమ్మాయి తెలుగులో రాసి ఇవ్వడం ఆ శాతాల కన్నా ఆయనకు ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: నేను ఏళ్ల తరబడి రోటాక్యాప్‌లు (రోటాహేలర్‌లో పెట్టి పీల్చే పొడి గుళికలు) వాడుతున్నాను. వానల రోజుల్లో గుళిక మెత్తబడినట్టు ఉంటుంది, మందు కూడా సరిగా పనిచేయనట్టు అనిపిస్తుంది. ల్యాబ్‌లో అన్ని పరీక్షలూ చేసే అమ్ముతారు కదా, ఇది నా భ్రమేనా?
– ఒక పాఠకుడు, టి.నగర్

జవాబు: భ్రమ అని కొట్టిపారేయను. చెన్నై గాలిలో తేమ ఏడాదిలో చాలా కాలం ఎక్కువే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మరీను. ల్యాబ్ పరీక్ష గాలి తేమను అదుపులో ఉంచిన గదిలో, సీల్డు ప్యాకు లోంచి అప్పుడే తీసిన గుళికతో జరుగుతుంది. మీ ఇంట్లో గుళిక పడే పాట్లు ఆ పరీక్షలో ఉండవు.

మామూలు జెలటిన్ గుళికలో సహజంగానే 13 నుంచి 16 శాతం నీరుంటుంది. తేమ ఎక్కువైతే అది మెత్తబడుతుంది, బాగా ఎండితే పెళుసెక్కుతుంది. కొన్ని కంపెనీలు నీటి శాతం తక్కువగా ఉండే హెచ్‌పీఎంసీ (ఒక రకం సెల్యులోజ్) గుళికలకు మారడానికి ఇదొక కారణం. గుళిక సంగతి అలా ఉంచితే, పొడికి జరిగే హాని కంటికి కనిపించదు. తేమ తగిలిన పొడిలో మందుకూ లాక్టోజ్‌కూ మధ్య సన్నని నీటి పొర ఏర్పడి అవి మరింత గట్టిగా అతుక్కుంటాయి. పీల్చాక గుళిక ఖాళీ అయినట్టే కనబడుతుంది, పొడి నోట్లోకి వచ్చినట్టే తెలుస్తుంది. కానీ మందు లాక్టోజ్‌ను వదలకుండా దానితోపాటే గొంతులో దిగిపోతుంది. ఖాళీ గుళికను చూసి మందంతా లోపలికి పోయిందని తృప్తిపడడం అందుకే సరికాదు.

సీసా మూత ప్రతిసారీ బిగించండి. సీసాలో ఇచ్చిన తేమ పీల్చే చిన్న పొట్లాన్ని పారేయకండి. వారానికి సరిపడా గుళికలు తీసి మాత్రల డబ్బాలో సర్దుకునే అలవాటు ఉంటే మానండి. రోటాహేలర్‌ను కడిగాక లోపల కూడా పూర్తిగా ఆరనివ్వండి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, పీల్చడానికి ముందు గాలిని ఇన్‌హేలరులోకే వదలడం. మన నిశ్వాసం నిండా తేమే కనుక మందు అక్కడే తడిసిపోతుంది. ముఖం పక్కకు తిప్పి గాలి వదిలి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకోండి. ఇవన్నీ పాటించినా ఆయాసం తగ్గకపోతే అది జబ్బు ముదరడం కావచ్చు. తేమ మీద నెపం పెట్టి ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: నేను ఎం.ఫార్మ్ విద్యార్థిని. ల్యాబ్ ఫలితం మనిషిలో జరిగేదానికి సరిపోలనప్పుడు, కొత్త జనరిక్ ఇన్‌హేలర్లను అనుమతించేటప్పుడు ఇంపాక్టర్ లెక్కలకు అంత విలువ ఎందుకు? అన్నీ మనుషుల మీదే పరీక్షిస్తే సరిపోదా?
– ఒక విద్యార్థి, పోరూరు

జవాబు: సరిపోదు. మనిషి మీద చేసే కొలత సత్యానికి దగ్గరగా ఉంటుందని మనం సులభంగా అనుకుంటాం, కానీ ఆ కొలత చాలా మొద్దుది. శ్వాసనాళాలను తెరిచే మందునే తీసుకోండి. కొద్ది మోతాదుకే నాళాలు దాదాపు పూర్తిగా తెరుచుకుంటే, ఇంకో ఇన్‌హేలరుతో రెట్టింపు మందు వెళ్లినా, ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమీటరులో తేడా కనబడదు. రెండూ సమానమేనని తేలుతుంది, నిజానికి అవి సమానం కావు. అదే రెండింటినీ ఇంపాక్టర్‌లో పెడితే తేడా వెంటనే బయటపడుతుంది. ఒక బ్యాచికీ మరో బ్యాచికీ తేడా వచ్చిందా, లాక్టోజ్ సరఫరాదారు మారడంతో పొడి గుణం మారిందా అన్నవి రోగుల మీద చేసే పరీక్షలో తేలే విషయాలు కావు.

మందు ఎక్కడికి చేరిందో మనిషిలో కొలవడానికీ కొన్ని పద్ధతులున్నాయి, వాటికీ హద్దులున్నాయి. మందుకు టెక్నీషియం-99ఎం అనే, సుమారు 6 గంటల అర్ధజీవితం గల రేడియోధార్మిక పదార్థాన్ని జతచేసి గామా కెమెరాతో చూస్తారు. దీనిలో ఊపిరితిత్తుల మొత్తం మోతాదు బాగా తెలుస్తుంది, కానీ చిత్రం రెండు కొలతలది కావడంతో లోపలి పెద్ద నాళాలూ వాటి ముందూ వెనకా ఉన్న చిన్న నాళాలూ ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. రెండో దారి రక్త పరీక్ష. పీల్చిన మందులో గొంతులో పడినదంతా మింగుడుపడి పొట్ట ద్వారా రక్తంలోకి వస్తుంది కనుక, ముందే యాక్టివేటెడ్ చార్‌కోల్ (మందును పట్టి ఉంచే బొగ్గు పొడి) తాగించి ఆ దారిని మూసేస్తారు. అప్పుడు రక్తంలో కనబడేది ఊపిరితిత్తుల నుంచి వచ్చినదే. శ్వాసనాళాలను తెరిచే సాల్బుటమాల్ మందుకు ఇంకా తేలికైన ఉపాయాన్ని హిండిల్, క్రిస్టిన్ 1992లో చూపారు. మింగిన సాల్బుటమాల్ మూత్రంలోకి రావడానికి సమయం పడుతుంది, ఊపిరితిత్తుల నుంచి పీల్చుకున్నది త్వరగా వస్తుంది. కాబట్టి మొదటి 30 నిమిషాల మూత్రంలోని మందును కొలిస్తే, ఊపిరితిత్తులకు ఎంత చేరిందో సాటిపోల్చి చెప్పవచ్చు. సూది గుచ్చే పని లేని ఇంత చక్కని పద్ధతి మన కళాశాలల్లో ఇంకా ఎక్కువగా వాడుకలోకి రావాలని నా కోరిక.

ఊపిరితిత్తులకు ఎక్కువ మందు చేరడమే మేలు అనుకోవడం కూడా అన్నిసార్లూ నిజం కాదు. ఉస్మానీ, బిడిస్కోంబ్, బార్న్స్ లండన్‌లో చేసి 2005లో ప్రచురించిన పరీక్షలో, ఉబ్బసం ఉన్నవారికి ఒకే పరిమాణంలో తయారుచేసిన సాల్బుటమాల్ రేణువులను ఇచ్చారు. 1.5 మైక్రాన్ల రేణువులు ఊపిరితిత్తులకు 56 శాతం చేరాయి, 6 మైక్రాన్లవి 46 శాతమే. అయినా శ్వాస బాగా మెరుగుపడింది 6 మైక్రాన్లవాటితోనే. సన్ననివి నాళాలను దాటుకుని లోతుకు పోయాయి, కొంత భాగం నిశ్వాసంతో తిరిగి బయటికి వచ్చేసింది. పెద్దవి మందు పనిచేయవలసిన నాళాల గోడల మీదే దిగాయి. అక్కడ రోగులు మెల్లగా, అదుపుగా పీల్చారని గుర్తుంచుకోవాలి. పొడి ఇన్‌హేలరుతో గట్టిగా పీల్చేటప్పుడు 6 మైక్రాన్ల రేణువులు గొంతు దాటడమే కష్టం.

అందుకే అనుమతులిచ్చే సంస్థలు ఏ ఒక్కదాని మీదా పూర్తిగా ఆధారపడవు. ఐరోపా మందుల సంస్థ 2009 మార్గదర్శకాల ప్రకారం మెట్లు మెట్లుగా వెళ్లాలి. ల్యాబ్‌లో రేణువుల తీరు 15 శాతానికి మించిన తేడా లేకుండా సరిపోయి, మిగతా షరతులూ నెరవేరితే అక్కడితో ఆగవచ్చు. లేకపోతే రక్త పరీక్షలకూ, అక్కడా కుదరకపోతే రోగులపై పరీక్షకూ పోవాలి. అమెరికాలో ల్యాబ్, రక్తం, రోగి, పరికరం పోలిక అన్నీ కలిపి చూస్తారు. 2000లో అక్కడ అనుమతి పొందిన అడ్వైర్ డిస్కస్ అనే పొడి ఇన్‌హేలరుకు మొదటి జనరిక్‌గా విక్సెలా 2019 జనవరిలో గానీ అనుమతి పొందలేదు. అంత కాలం పట్టడానికి పేటెంట్లతోపాటు, ఈ పోలికను నిరూపించడంలోని కష్టం కూడా కారణమే.

ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటున్నట్లయితే, ఇంపాక్టర్ ముందున్న లోహపు గొట్టం స్థానంలో మనిషి గొంతును పోలిన నమూనాను పెట్టి, పంపుకు బదులు రోగుల దగ్గర నమోదు చేసిన ఊపిరి తీరును యంత్రంతో నడిపించే పని చూడండి. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంవారు రూపొందించిన గొంతు నమూనా, అమెరికాలో వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయంవారు చిన్న, మధ్య, పెద్ద పరిమాణాల్లో చేసిన నమూనాలు ఈ దారిలోవే. ల్యాబ్ లెక్క మనిషి లెక్కకు దగ్గరగా వచ్చింది ఈ పద్ధతుల వల్లనే. మన దగ్గరి సీఓపీడీ రోగుల ఊపిరి తీరును నమోదు చేసి అలాంటి నమూనాతో మన మార్కెట్లోని ఇన్‌హేలర్లను పరీక్షిస్తే, అది డిగ్రీ కోసమే కాక రోగులకూ పనికివచ్చే పని అవుతుంది.

ప్రశ్న: గుళిక రకం వాడినప్పుడు నోట్లో తీపిగా తెలిసేది. ఇప్పుడు ఇచ్చిన ఇన్‌హేలరుతో ఏ రుచీ తెలియడం లేదు. మందు వెళ్లలేదేమోనని రెండోసారి పీలుస్తున్నాను. తప్పా?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: తప్పే, ఆ అలవాటు వెంటనే మానండి, మోతాదు రెట్టింపవుతుంది. మీకు తెలిసిన తీపి లాక్టోజ్‌ది. గుళికలో దాని పరిమాణం మిల్లీగ్రాముల్లో ఉంటుంది, మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. కొన్ని ఇన్‌హేలర్లలో లాక్టోజ్ చాలా తక్కువ, కొన్నింటిలో అసలే ఉండదు, అందుకే రుచి తెలియదు. రుచి తెలిసిన పొడి నాలుక మీద ఆగిపోయిన పొడి, అది ఊపిరితిత్తులకు చేరలేదు. మోతాదు వెళ్లిందో లేదో తెలుసుకోవడానికి మీ ఇన్‌హేలరుకు అంకెల కిటికీ ఉంటే దాన్ని చూడండి. అయితే కొన్ని రకాల్లో మీట తిప్పగానే అంకె మారుతుంది, పీల్చినా పీల్చకపోయినా సరే. మీది ఏ రకమో మందుల షాపులో అడిగి తెలుసుకోండి. పీల్చాక 5 నుంచి 10 సెకన్లు ఊపిరి బిగబట్టండి, సన్నని రేణువులు దిగడానికి ఆ వ్యవధి కావాలి. మందు స్టెరాయిడ్ అయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయండి.